ఇరవై నాలుగు మీటర్ల ఎర్రచార

నా కుడికాలి ఎముక మోకాలి కింద విరిగింది ఫిబ్రవరి రెండో మంగళవారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి. చిలకలూరిపేట నుంచి వచ్చే బస్సు మా ఊరి పాలకేంద్రం ఎదుట నాలుగూ పదిహేడుకు ఆగింది. బస్సు దిగగానే గడియారం చూసుకోవడం, రాత్రి దాన్ని డైరీలో రాసుకోవడం ఇరవై రెండేళ్ళుగా నాకున్న అలవాటు. పేటలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కదిలే వస్తువు ఎంత దూరంలో, ఎంతసేపట్లో ఆగుతుందో ఏటా జూలైలో నల్లబల్ల మీద రాసి చూపిస్తాను. ఆ పాఠం నా ఎముక మీదికి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

బస్సు దిగిన వైపు నుంచి మా ఇంటి వైపుకు రోడ్డు దాటాలి. రోడ్డు వెడల్పు ఐదున్నర మీటర్లు. మా ఇంటి వైపు మూడు మీటర్ల నలభై సెంటీమీటర్ల మేర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అవి మా బావగారివి, అంటే మా వారి అన్నగారివి. ఆ రోజు ఎత్తుబడి, అంటే ఎండిన కాయలు పోగుచేసే రోజు, కావడంతో అంచున పెట్టే రాళ్ళు అప్పటికే తీసేశారు. ఎండిన కాయల మీద చెప్పులతో నడవకూడదని మా అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం నేను కాయల అంచున వంగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని రెండడుగులు లోపలికి వేశాను. అప్పుడే కుడివైపు నుంచి బావగారి కారు వచ్చింది. ఎదురుగా పత్తి ట్రాక్టరు వస్తుంటే దారి ఇవ్వడానికి ఆయన తన కాయల మీదికి తిప్పి బ్రేకు తొక్కారు. కారు ఆగలేదు. జారుకుంటూ వచ్చి నన్ను కొట్టి, ఇంకో మూడు మీటర్లు పోయి ఆగింది. ఎవరి కాయలకు మర్యాద చేస్తూ చెప్పులు విప్పానో ఆయనే నన్ను కొట్టారన్న సంగతి గుంటూరు ఆసుపత్రిలో రెండో రోజుకు గాని నాకు తట్టలేదు. తట్టిన తరువాత మరి నిద్ర పట్టలేదు.

ఆరో రోజున ఇంటికి తెచ్చారు. తొమ్మిదో రోజున బావగారి వసారాలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. పోలీసు కేసు కాకుండా మాట అనుకోవడానికి పిలిచినవారూ, కాఫీలు ఇచ్చినవారూ, మొదట మాట్లాడినవారూ బావగారే. నన్ను కట్టుకట్టిన కాలితో గుమ్మం లోపల కుర్చీలో కూర్చోబెట్టారు.

"నలభైలో వస్తున్నానండీ, అంతకుమించి ముల్లు కదల్లేదు. ట్రాక్టరు వస్తోందని పక్కకు తీశా. చూద్దును గదా, ఈ అమ్మాయి వంగి చెప్పులు విప్పుకుంటోంది. పదిమందికి చదువు చెప్పే మనిషి, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడాలని ఎవరైనా చెప్పాలా?"

పెద్దమనుషులు నవ్వారు. నేను మా వారి వైపు చూశాను. ఆయన నా కుర్చీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "ఒక్క మాటేగా. అనేసెయ్యి. అన్నయ్యతో తగాదా మనకెందుకు?"

అన్నాను. "నేనే చూసుకోలేదు. తప్పు నాదే."

"ఏమంటోందిరా?" అన్నారు ముగ్గురిలో అందరికంటే పెద్దాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"గట్టిగా చెప్పమ్మా, బాబాయికి వినపడలేదంట," అన్నారు బావగారు.

మళ్ళీ అన్నాను, గట్టిగా. నా వయసు యాభై ఒకటి. జవాబు తప్పని తెలిసి కూడా దాన్ని రెండుసార్లు పైకి చదవడం అదే మొదలు. ఆ రాత్రి డైరీలో ఒకే వాక్యం రాశాను: ఈ మాట ఆయన నోట, ఇదే వసారాలో, వీళ్ళ ముందే అనిపించాలి.

మరునాడు పొద్దున్నే మా వారి చేత కొలత టేపు పట్టించి రోడ్డు మీదికి వెళ్ళాను. చంకలో కర్రలు, చేతిలో నోటుపుస్తకం. బావగారు కాయలు ఎత్తించుకున్నారు గాని చారలు ఎత్తించలేకపోయారు. దొర్లే చక్రం కాయను చితక్కొట్టి వదిలేస్తుంది. బిగుసుకున్న చక్రం దాన్ని తారులోకి నూరుతుంది. ఆ కారు పాతది, గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయే రకం. అందుకని తారు మీద రెండు ఎర్రటి చారలు పచ్చడి మెదిపినట్టు అంటుకుపోయి ఉన్నాయి. మొదలు ఎక్కడో, చివర ఎక్కడో స్పష్టంగా తెలుస్తోంది.

"జనం చూస్తున్నారు," అన్నారు మా వారు.

"చూడనివ్వండి. టేపు వదులైంది, లాగి పట్టుకోండి."

గేదెలు తోలుకుపోతున్న ఒకావిడ ఆగింది. "ఏంటమ్మగారో, రోడ్డు అమ్ముతున్నారా?"

"కొంటావా?"

"నేనేం కొంటానమ్మా, మీ బావగారు ఎప్పుడో కొనేసుకుంటే!"

మా వారు తల దించుకున్నారు. నేను నవ్వాను గాని ఆమె అన్న మాటలోని అసలు విషయం నాకు అప్పుడు అందలేదు. అందుంటే నాకు పదిహేడు రోజులు మిగిలేవి.

చార పొడవు ఇరవై నాలుగు మీటర్లు. నన్ను కొట్టిన చోటు పాలకేంద్రం గేటు స్తంభానికి సరిగ్గా ఎదుట, అంటే చార మొదలైన దగ్గర నుంచి ఇరవై ఒకటో మీటరు. ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఎండిన తారు మీద చక్రాలు బిగుసుకున్న కారుకు వేగం ప్రతి సెకనులోనూ సెకనుకు సుమారు ఏడు మీటర్ల చొప్పున తగ్గుతుంది. దీన్ని పుస్తకాల్లో ఋణత్వరణం అంటారు. దాన్ని రెట్టింపు చేసి, చార పొడవుతో హెచ్చించి, వర్గమూలం తీస్తే బ్రేకు తొక్కిన క్షణంలో కారు వేగం వస్తుంది. రెండు ఏడ్లు పద్నాలుగు, పద్నాలుగు ఇరవై నాలుగులు మూడు వందల ముప్పై ఆరు, దాని మూలం పద్దెనిమిదీ చిల్లర. గంటకు అరవై ఆరు కిలోమీటర్లు. నలభై కాదు, అరవై ఆరు.

ఆ అరవై ఆరును పదిహేడు రోజులు మేపాను. మందు వేసుకునేటప్పుడు, కాలు దిండు మీద పెట్టుకునేటప్పుడు, గోడ అవతల బావగారు పాలేరుని కేకలేస్తున్నప్పుడు దాన్ని తలుచుకున్నాను. ఏ రోజు, ఎవరి ముందు, ఏ వరసలో చెప్పాలో మూడు రకాలుగా రాసి, రెండు కొట్టేశాను. ఒక్క అడ్డంకి మిగిలింది. బ్రేకులు పాడయ్యాయని ఆయన తప్పించుకోవచ్చు. ఆ దారి కూడా మూసేద్దామని, ఆ కారుకు బ్రేకులు చూసే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పేటలో జిన్నింగు మిల్లుల వెనక సందులో ఆయన షెడ్డు. అరవై దాటిన ముస్లిం పెద్దాయన. పేటలో అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు.

"ఆ కారు బ్రేకులు జనవరిలో నేనే వేశానండీ. కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాయి," అన్నారాయన. నా కాగితం తీసుకుని, చేతులు గుడ్డకు తుడుచుకుని, వెలుతురులోకి వెళ్ళి చదివారు. "మీ లెక్కలో తప్పు పట్టేంత చదువు నాకు లేదు మేడంగారూ. ఒకటే అడుగుతాను. ఈ ఏడు ఎక్కడిది?"

"ఎండిన తారు మీద టైరుకు ఉండే పట్టు. పుస్తకంలో ఉంటుంది."

"మీరు పడింది పుస్తకంలో కాదు గదండీ, కాయల్లో!"

ఆ షెడ్డులోంచి ఎన్నింటికి బయటికి వచ్చానో డైరీలో లేదు. గడియారం చూసుకోలేదు.

తరవాత ఆలోచించాను. వసారాలో ముగ్గురు పెద్దమనుషులూ, బావగారూ, మా వారూ, నేనూ, ఆరుగురం గంటసేపు మాట్లాడుకుంటే ఒక్కరి నోటా మిరపకాయల మాట రాలేదు. నేను చారను కొలిచాను, అది ఎర్రగా ఉందని రాసుకున్నాను, అయినా తారు లెక్కే వేశాను. వేరే ప్రాంతంవాళ్ళు ఈ తప్పు చెయ్యరు. ఇసకో నూనో పడి ఉంటే మేమూ చెయ్యం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా రోడ్లు సగం ఎర్రగానే ఉంటాయి కాబట్టి కాయలు రోడ్డు మీద పడిన వస్తువులా మాకు కనిపించవు. అవీ రోడ్డే అనుకుంటాం.

భాయ్ దగ్గర అదే కంపెనీ, అవే ఏళ్ళ కారు ఒకటుంది. హైవే పడ్డాక వాడకం తగ్గిన పాత రోడ్డు ముక్క మీద మార్చి మొదటి ఆదివారం, మధ్యాహ్నం పన్నెండింటికి పరీక్ష పెట్టాం. ముందు కారు వేగం చూపే మీటరును పరీక్షించాను. ముల్లు నలభై చూపిస్తుంటే కారు వంద మీటర్లు నడవడానికి తొమ్మిదిన్నర సెకన్లు పట్టింది, కాబట్టి నిజమైన వేగం సెకనుకు పదిన్నర మీటర్లు. సున్నపు గీత గీశాను. గీత దాటగానే బ్రేకు. ఖాళీ తారు మీద మూడుసార్లు తొక్కితే సగటున ఏడు మీటర్ల తొంభై సెంటీమీటర్లలో ఆగింది. ఋణత్వరణం ఏడు. పుస్తకం అబద్ధం చెప్పలేదు.

తరవాత రెండు గోతాల తాలుకాయలు, అంటే రంగు పోయి ఏరేసిన కాయలు, వేలి మందాన పరిచాం. ఒక్కో బ్రేకుకూ కారు వెనక గింజలు చిమ్మాయి, గొంతు పట్టే మిరప ఘాటు, కోరు, లేచింది. దగ్గీ దగ్గీ భాయ్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"మేడంగారూ, మీ బావగారి మీద కోపం నా గొంతులో తీర్చుకుంటున్నారు!"

"ఇంకొక్కసారి తొక్కండి భాయ్. రెండు కొలతలకు సగటు తియ్యలేను."

"తియ్యొచ్చండీ. మీరు తియ్యరు, అంతే."

పదిహేడు తొంభై, పద్దెనిమిది అరవై, పద్దెనిమిది డెబ్భై. సగటు పద్దెనిమిది మీటర్ల నలభై సెంటీమీటర్లు. ఋణత్వరణం మూడు. తారు మీద సెకనున్నరలో ఆగిన కారుకు కాయల మీద మూడున్నర సెకన్లు పట్టింది.

అక్కడే, కారు బానెట్ మీద కాగితం పెట్టి మళ్ళీ వేశాను. రెండు మూళ్ళు ఆరు, ఆరు ఇరవై నాలుగులు నూట నలభై నాలుగు, మూలం పన్నెండు. గంటకు నలభై మూడు కిలోమీటర్లు.

ఆయన నిజమే చెప్పారు.

రెండు రోజులు ఆ అంకెతో మాట్లాడలేదు. అరవై ఆరు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. కింద నా సంతకం, చదువు, ఉద్యోగం రాసి ఇస్తే ఆ ముగ్గురిలో ఎవరూ ఏడు ఎక్కడిదని అడగరు. ఇవ్వకపోవడానికి కారణం మంచితనం కాదు, రాసుకున్నది రాసుకున్నట్టే చెబుతున్నాను. ఎప్పుడో ఒకప్పుడు భాయ్ లాంటి మనిషి ఒకరు ఆ కాగితం చూసి నవ్వుతారని భయపడ్డాను. నా పగలో బీట ఉండటం నాకు ఇష్టం లేదు.

మూడో రోజు, బుధవారం, కర్రలతోనే మళ్ళీ వెళుతున్న కాలేజీ స్టాఫ్‌రూములో మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, మరో లెక్క వేశాను. ఆయన చెప్పిన వేగాన్నే తీసుకున్నాను. సెకనుకు పన్నెండు మీటర్లు. కాయలు లేకుండా, ఖాళీ తారు మీద అదే బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగేది? నూట నలభై నాలుగును పద్నాలుగుతో భాగించాను. పది మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. పట్టే కాలం సెకనూ ముప్పావు లోపు. నేను నిలబడింది ఇరవై ఒకటో మీటరు దగ్గర. అంటే కారు నాకు పది మీటర్ల అవతలే ఆగి ఉండేది. చెప్పులు వేసుకుని, ఆయనకు నమస్కారం పెట్టి, ఇంటికి వెళ్ళి టీ పెట్టుకునేదాన్ని.

పెన్ను మూసి నవ్వాను. పక్కన లెక్కల మేడం "ఏమైందండీ?" అని అడిగితే "శేషం రాలేదు" అన్నాను.

మా ఊళ్ళో రోడ్డు మీద ఎవరు ఎక్కడ కాయలు పొయ్యాలన్నది ప్రతి కోతకూ ముందు మాట్లాడుకుంటారు. ఈ కరెంటు స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఒకరిది, తరవాతి స్తంభం దాకా మరొకరిది. రెండో కోత కోసం ఆ నెల మూడో ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అదే వసారాలో, ఆ ముగ్గురు పెద్దమనుషులే కూర్చున్నారు. నేను ఒంటికర్రతో వెళ్ళాను. మా వారు వెనక వచ్చారు. ఎందుకు వెళుతున్నానో ఆయనకు చెప్పాను, వద్దన్నారు, అయినా వచ్చారు. తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మా ఇళ్ళలో లేదు. గుమ్మం లోపల కుర్చీ వేయించారు. నేను దాన్ని దాటి వసారాలోకి వచ్చి నిలబడ్డాను.

"పాలకేంద్రం ముందు?" అని అడిగారు చెవి వినపడని పెద్దాయన.

"అది మాదేగా బాబాయ్. మా నాన్న నాటి నుంచీ," అన్నారు బావగారు.

"బావగారూ," అన్నాను, "పోయిన నెలలో అక్కడున్నవి కూడా మీ కాయలేనా?"

ఆయన నన్ను చూసి, మా వారిని చూశారు. "మావి కాక ఎవరివమ్మా? ఇంకొకడు పోస్తే ఊరుకుంటానా?"

"సగం రోడ్డు దాటి పోశారు."

"పల్చగా పొయ్యకపోతే బూజు పట్టదూ?"

"మీరు నలభైలో వచ్చానన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"నిజమే. నేను కొలిచి లెక్క వేశాను. నలభై మూడు."

బావగారు తొడ మీద చరుచుకున్నారు. "చూశారా! ఆ అమ్మాయి నోటితోనే వచ్చింది. చదువుకున్న మనిషి చదువుకున్న మనిషే!"

ఆ సంతోషాన్ని పూర్తిగా పడనిచ్చాను. తరవాత కాగితం తీశాను. నలభై మూడు మీద వస్తున్న కారు ఖాళీ తారు మీద పది మీటర్లలో ఆగుతుందనీ, కాయల మీద ఇరవై నాలుగు మీటర్లు జారుతుందనీ, నేను ఇరవై ఒకటో మీటరు దగ్గర ఉన్నాననీ చదివాను. తొందరపడకుండా చదివాను. కావాలంటే ఇదే రోడ్డు మీద, ఇదే కారుతో, ఇప్పుడే తొక్కి చూపించమన్నాను.

ముగ్గురిలో అందరికంటే చిన్నాయన అన్నారు, "అంటే కారు కాదు, కాయలు కొట్టినాయంటావు."

"కాయలకు చేతుల్లేవండీ. పోసినవారికి ఉన్నాయి."

"అమ్మాయ్, ఆ లెక్కన మేమందరం దోషులమే. మా కాయలూ రోడ్డు మీదేగా ఉండేది."

"మీ కాయల్లో నా కాలు విరగలేదు. విరిగితే మీ వసారాకూ వస్తాను."

బావగారు లేచారు. "ఏరా," అన్నారు మా వారితో, "నీ పెళ్ళానికి చెప్పుకోలేవా?"

మా వారు గోడకు ఆనుకుని ఉన్నారు. "టేపు నేనే పట్టుకున్నానన్నయ్యా. ఇరవై నాలుగే," అన్నారు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన నా కోసం అన్నతో చెప్పిన మొదటి అంకె అది.

"నాకు కేసు వద్దు," అన్నాను. "కాయలు తీసెయ్యమని కూడా అనను. ఇక్కడ నా చేత ఒక మాట అనిపించారు. అది నాది కాదు. ఎవరిదో వారు తీసుకోవాలి."

బావగారు పెద్దమనుషుల వైపు చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చిన్నాయన నేల చూస్తూ, "అనెయ్యరాదూ, ఒక్క మాటేగా," అన్నారు. తొమ్మిదో రోజున మా వారు నాతో అన్న మాటే. మా వారికి గుర్తున్నట్టు లేదు, నాకు ఉంది.

"సరే. కాయలు నావి. తప్పు నాదే," అన్నారు బావగారు, వసారా స్తంభంతో చెబుతున్నట్టు.

"గట్టిగా చెప్పండి బావగారూ. పెద్దాయనకు వినపడలేదు."

"వినపడిందమ్మా," అన్నారు పెద్దాయన.

"నాకు వినపడలేదు."

బావగారు స్తంభం వైపు నుంచి నా వైపు తిరిగారు. మళ్ళీ అన్నారు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగిపోయేంత గట్టిగా అన్నారు. నేను కాగితం మడిచి బల్ల మీద ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఆ కోతకు ఆయన కాయలు రోడ్డు మీదికి రాలేదు. పొలంలోనే కల్లం చేయించుకున్నారు. నాలుగు రోజులకు పాలకేంద్రం ముందు స్థలంలో కాయలు పోసినది ఆ చిన్నాయన. వెడల్పు కొలిచాను, రెండు మీటర్ల ఎనభై. అంచున రాళ్ళు ఉన్నాయి. చెప్పులు విప్పకుండా పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. అప్పటి నుంచి అలాగే వెళుతున్నాను. బావగారు మా గుమ్మం తొక్కలేదు, మేమూ వాళ్ళది తొక్కలేదు.

ఆ ఆదివారం ఇంటికి వస్తూ, గేటు తీస్తూ మా వారు అడిగారు, "ఇప్పుడు తృప్తేనా?"

నేను ఆలోచించి జవాబు చెప్పాను. మామూలుగా అలాగే చెబుతాను.

"లేదు. ఆయన రెండుసార్లే అన్నారు. ఇంకోసారి అనిపించి ఉండాల్సింది."